మూల బోల్టు

సాయంత్రం నాలుగింటిలోపు కావలసిన పనులు:

లాకప్‌లో మెకానిక్‌తో మాట్లాడాలి. ఏడవనివ్వకూడదు, ఏడిస్తే టైము పోతుంది.

క్రేను వచ్చి కారును ఊరి బయటికి ఎత్తుకుపోకముందే ఇంజన్ చూడాలి.

కారు ఇక్కడికి వచ్చాక దాని దగ్గరికి ఎవరెవరు వెళ్ళారో రిజిస్టరు అడగాలి.

బ్రేకినస్పెక్టరు చేత రిపోర్టు వెనక్కి తీయించాలి. కుదరకపోతే తిట్లు తిని రావాలి.

వీలుంటే భోజనం.

ఈ జాబితాను ఆమె బస్సులో కూర్చుని కరెంటు బిల్లు వెనక రాసుకుంది. పోలీస్ స్టేషన్ ముందు దిగేసరికి ఒంటిగంటా నలభై. ఆఖరి పని అప్పుడే కొట్టేసింది.

ఆమె డిటెక్టివ్. లైసెన్సు మీద పేరు వేరే ఉంది కానీ ఆ పేరుతో పిలిచేవాళ్ళు లేరు. షెడ్డుల్లోనూ స్టేషన్లలోనూ అందరికీ ఆమె 'పానా'. లారీ మెకానిక్ కూతురు. తండ్రి చేతిలో అరిగిన పంతొమ్మిదో నంబరు పానా ఎప్పుడూ హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటి మనిషి ఆమే. డిగ్రీ గోడకు ఉంది, పానా సంచిలో ఉంది. ఇన్నేళ్ళూ అన్నం పెట్టింది ఎక్కువగా రెండోదే.

కేసు చూడ్డానికి చిన్నది. మంగళవారం పొద్దున ఏడూ ఐదుకు డ్రైవింగ్ స్కూలు మేడమ్ ఒంటరిగా కారులో కొండ దిగుతూ రెండో మలుపులో లోయలోకి పడి చనిపోయింది. అంతకుముందు సాయంత్రమే ఆ కారును సర్వీసు చేసి ఇచ్చింది మెకానిక్. ఆయిలు చాంబరు కింద ఉండాల్సిన బోల్టు లేదు, చాంబర్లో చుక్క ఆయిలు లేదు. బోల్టు బిగించడం మరిచిపోయాడు, ఆయిలంతా కారిపోయి ఇంజన్ పట్టేసి సీజ్ అయింది, మనిషి ప్రాణం పోయింది అని రవాణా శాఖ బ్రేకినస్పెక్టరు రిపోర్టు రాసేశాడు. మంగళవారం నుంచి అరెస్టు చూపకుండా లాకప్‌లో ఉంచిన మెకానిక్‌ను నాలుగింటికి కోర్టుకు తీసుకెళతారు. ఆ రిపోర్టుతో వెళ్ళాడంటే మళ్ళీ పిల్లల పెళ్ళిళ్ళకే బయటికి రావడం.

స్టేషన్ వెనక దొడ్డిలో, కుళాయి పక్కన స్టూలు మీద మెకానిక్ భార్య కూర్చుని ఉంది. డిటెక్టివ్‌ను పిలిపించింది ఆమే. కుళాయి దగ్గర ఒకాయన గొంతుక్కూర్చుని పని చేస్తున్నాడు. తెల్ల చొక్కా, నలగలేదు.

"మేడమ్‌గారి మరిది," అంది ఆమె లేచి నిలబడి. "కారు కాగితాల కోసం వచ్చారు."

"ఈ చుక్కల చప్పుడు నాకు పడదండీ," అన్నాడు మరిది తల తిప్పకుండా. జేబులోంచి పైపులకు వాడే తెల్ల టేపు చుట్ట తీసి కుళాయి మరకు ఏడు చుట్లు చుట్టి, తిప్పి బిగించాడు. చుక్క ఆగింది. "పంపుసెట్ల పని నాది. కారేది చూస్తే చెయ్యి ఊరుకోదు. మా వదిన నవ్వేది. ఆ స్కూలు బిల్డింగు అమ్మేద్దాం వదినా అంటే కూడా నవ్వేసేది. ఇప్పుడు ఎవరి కోసం దాచినట్టు?"

డిటెక్టివ్ ఆ కుళాయి కిందే చేతులు కడుక్కుంది. "మీకు ఈవిడ మీద కోపం లేదా?"

"చెల్లెమ్మ ఏం చేసింది? మా వదిన దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న పిల్లే. తప్పు చేసినవాడు లోపలున్నాడు. వాడికి ఉరి పడినా నాకు సంతోషమే."

మెకానిక్ భార్య ఆ మాట విననట్టే డిటెక్టివ్ వైపు తిరిగి, "మేడమ్ అంత తేలిగ్గా గుద్దుకునే మనిషి కాదక్కా," అంది. "నాకు నేర్పేటప్పుడు పక్క సీట్లో కళ్ళు మూసుకుని కూర్చునేది. నిద్రపోయిందనుకునేదాన్ని. నేను ఆటోను గుద్దబోతే, నేను అరిచేలోపే ఆవిడ బ్రేకు తొక్కేసేది. కళ్ళు మూసుకున్నా ఆవిడ కాలు మేలుకునే ఉండేది."

*

లాకప్‌లో మెకానిక్ గోడకు ఆనుకుని ఉన్నాడు. ఒక చెంప ఉబ్బింది.

"బోల్టు ఎన్నింటికి బిగించావు?"

"అక్కా, నా పిల్లల మీద ఒట్టు..."

"పిల్లల్ని ఇంట్లో ఉండనీ. ఎన్నింటికి?"

"నాలుగున్నరకి. నాలుగూ నలభైకి కొత్త ఆయిలు పోశాను. బోల్టు లేకుండా పోస్తే నా కాళ్ళ మీదే పడేది కదక్కా."

"ఈ మాట వీళ్ళకి చెప్పావా?"

"చెప్పాను. ఒకటి పడింది." చెంప తడుముకున్నాడు.

"నేను నిన్ను నమ్మి రాలేదు. మీ ఆవిడ మూడు రోజులుగా నా మెట్ల మీద కూర్చుంటే వచ్చాను. దాచావంటే నేనే వీళ్ళకి అప్పజెబుతా. ఆయిలు కాక ఇంకేం చేశావు?"

"టైమింగ్ బెల్టు మార్చాను."

టైమింగ్ బెల్టంటే పళ్ళున్న రబ్బరు బెల్టు. ఇంజన్‌లో కింద తిరిగే క్రాంకునూ, పైన వాల్వులను నడిపే క్యామునూ కలిపి తిప్పుతుంది. అది తెగిందంటే కింద ఎంత తిరిగినా పైన చలనం ఉండదు, ఇంజన్ అక్కడికక్కడే ఆగిపోతుంది.

"బెల్టు మూతకి ఎన్ని బోల్టులు?"

"ఐదు. ఐదిటికీ గ్రీజు రాశాను."

"అక్కడ గ్రీజు ఎందుకు?"

"మా గురువు నేర్పిందక్కా. నీ తర్వాత విప్పేవాడికీ చేతులుంటాయిరా అనేవాడు."

"ఐదూ బాగా పట్టాయా?"

మెకానిక్ తల దించుకున్నాడు. "నాలుగే. కింది మూల బోల్టుకు మర అరిగిపోయింది. గ్రీజు రాసి అలాగే పెట్టాను. కొత్తది తెచ్చి వేయాలని బెల్టు అట్ట మీద రాశాను. ఏ బండికి ఏం వేసినా, ఆ సామాను వచ్చిన అట్ట మీదే రాసి షెడ్డులో మేకుకు గుచ్చుతాను. నాకు వేరే పుస్తకం లేదు."

"మూల బోల్టు సంగతి ఇంకెవరికి తెలుసు?"

"నాకూ ఆ మేకుకూ."

ఆమె బయటికొచ్చేసరికి రెండూ ఐదు. మెకానిక్ భార్యను పిలిచి చెప్పింది: "షెడ్డుకెళ్ళి మేకుకున్న బెల్టు అట్ట పట్టుకురా. మూడున్నరకల్లా నా చేతిలో ఉండాలి."

"ఆటో దొరుకుతుందో లేదో..."

"స్కూలు రెండో కారు నా దగ్గరే ఉందిగా, నేను తీసుకెళతా," అన్నాడు మరిది. "ఏం అట్ట మేడమ్?"

డిటెక్టివ్ అప్పటికే చీర కొంగు నడుముకు దోపుకుంటోంది. "బెల్టుది. మూత బోల్టు గురించి ఏదో రాశాడట," అనేసింది. నోరు జారానని ఆమెకు తోచనైనా లేదు.

"వెనక సీటంతా పైపులున్నాయి, ముందు కూర్చో చెల్లెమ్మా," అనడం వినిపించింది. కారు గేటు దాటింది.

*

ఆమె దొడ్డి మూలనున్న నుజ్జయిన కారు దగ్గర ఉండగానే, రెండూ ఇరవైకి బ్రేకినస్పెక్టరు వచ్చాడు. చంకలో ఫైలు, నోట్లో లవంగం, వెనక తాళాల గుత్తితో హెడ్డు కానిస్టేబులు.

"ఏమ్మా, పానా పట్టుకుని పోలీసు దొడ్లోకి వచ్చావు, ఇదేమన్నా మీ నాన్న షెడ్డా?"

"మా నాన్న షెడ్డయితే సార్, విప్పకుండా రిపోర్టు రాసినవాడిని మధ్యాహ్నానికే పూట కూలి చేతిలో పెట్టి పంపేసేవాళ్ళు."

హెడ్డు దగ్గాడు.

"ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది."

"సర్వీసు మీదే సార్. ఇంజన్ మాత్రం మేడమ్‌ది. సీజ్ అయిందని ఎలా తెలుసుకున్నారు?"

"తాళం తిప్పాను. స్టార్టరు మూలగను కూడా లేదు. లోపల పట్టేస్తే అంతే. ఆ మాత్రం చిన్నపిల్లాడికీ తెలుసు."

"బ్యాటరీ ఎక్కడుంది సార్?"

ఆయన బానెట్ వైపు చూశాడు. బ్యాటరీ ఉండాల్సిన మూల అప్పడంలా అణిగిపోయి ఉంది. తెగిన వైరు ఒకటి గాల్లో వేలాడుతోంది.

"కరెంటు లేకపోతే స్టార్టరు ఎలా మూలుగుతుంది సార్? ఇంట్లో కరెంటు పోతే ఫ్యాను సీజ్ అయిందంటామా?"

"నోరు అదుపులో పెట్టుకో. నిన్ను ఇప్పుడే బయటికి గెంటిస్తా."

"గెంటించండి. క్రేను వచ్చేదాకా గంటన్నర ఉంది. అందులో పది నిమిషాలు ఇవ్వండి. ఇంజన్ తిరగకపోతే ఈ పానా మీ బల్ల మీద పెట్టి పోతాను, మళ్ళీ ఈ గేటు తొక్కను."

ఆయనకు ఆ బేరం నచ్చింది. "హెడ్డూ, టైము చూడు."

ముందు చక్రం ఒకటి ఊడిపోవడంతో ఇంజన్ పక్కభాగం తెరుచుకునే ఉంది. అక్కడ కింద పుల్లీ, దాని నడుమ లావుపాటి బోల్టు. అదే క్రాంకు కొన. ఆమె నేల మీద పడుకుని పానా తగిలించి లాగింది.

పుల్లీ బావి గిలకలా తిరిగింది.

లవంగం నమలడం ఆగింది.

"ఆయిలు లేక కాలిన ఇంజన్ ఇద్దరు వస్తాదులు వేలాడినా కదలదు," అంది ఆమె పడుకునే. "ఇది తిరుగుతోంది. సీజ్ కాలేదు. ఇంకోటి చూడండి. దీని కడుపంతా పొడి దుమ్ము. నడుస్తుండగా ఆయిలు కారితే గాలికి వెనక్కి చిమ్మి, వెనక చక్రాల దాకా నల్లగా తడిసి ఉండాలి."

"మరి ఆయిలు ఏమైంది? ఆవిరైందా?"

ఆమె చాంబరు కింద నేలను పానా కొనతో గీకింది. పైన కొత్త ఇసుక. దాని కింద మూడు వేళ్ళ మందాన నల్లటి ముద్ద.

"కొండ మీద కారలేదు సార్. మీ దొడ్లో కారింది. బోల్టు విప్పింది ఇక్కడికి వచ్చాకే. మెకానిక్ అప్పటికి మీ లాకప్‌లో ఉన్నాడు."

బ్రేకినస్పెక్టరు హెడ్డు వైపు చూశాడు. హెడ్డు తాళాల వైపు చూసుకున్నాడు.

"సరే," అన్నాడు బ్రేకినస్పెక్టరు, గొంతు ఇంకా కరుగ్గానే. "సీజ్ కాలేదు. మరి కారు ఎందుకు ఆగింది? దెయ్యం పట్టిందా?"

"అదే అడగాల్సిన ప్రశ్న. మూడు రోజుల తర్వాత అడిగారు."

మళ్ళీ తిప్పింది. ఈసారి చేతికి తెలిసేలా, నెమ్మదిగా. నాలుగు సిలిండర్లూ వరసగా గాలిని నొక్కుతూ చేతికి ఎదురు తన్నాలి. ఒకటి తన్నింది, తర్వాతది తన్నలేదు. వరస తప్పింది. లేచి పైన ఆయిలు పోసే మూత తీసి, "హెడ్డుగారూ, నేను కింద తిప్పుతుంటాను, ఈ కంతలోంచి చూస్తూ చెప్పండి. లోపల ఇనుప గుబ్బ తిరుగుతోందా?" అంది.

"లేదమ్మా. రాయిలా ఉంది."

"కింద తిరుగుతోంది, పైన తిరగట్లేదు. బెల్టు తెగింది. పాత మోడల్ కాబట్టి వాల్వులు పిస్టన్లకు తగలలేదు, లేకపోతే లోపలంతా నుజ్జయ్యేది." ఆమె చేయి తుడుచుకుంటూ డ్రైవర్ సీటు వైపు చూసింది. హ్యాండ్‌బ్రేకు ఆఖరి పన్ను దాకా లాగి ఉంది. "దిగుడులో ఇంజన్ ఆగితే స్టీరింగు బండలా బిగుసుకుంటుంది. బ్రేకు రెండు తొక్కుళ్ళకు మించి పలకదు. అయినా చూడండి, చేతనైనదంతా చేసింది మేడమ్."

బ్రేకినస్పెక్టరే ముందు తేరుకున్నాడు.

"అయితే ఇంకా మంచిది. బెల్టు వేసింది మీ వాడే. పాత బెల్టు తగిలించి కొత్తదని చెప్పాడు, అది తెగింది. కేసు మారలేదు, అక్షరాలు మారాయి. నీకూ నాకూ ఇంత శ్రమ ఎందుకు?"

"మూత విప్పనివ్వండి."

"విప్పుకో. నీ గొయ్యి నువ్వే తవ్వుకో."

ఆమె బ్యాగులోంచి చిన్న పానా తీసింది. మొదటి బోల్టు రెండు వేళ్ళతో వచ్చేసింది, మర నిండా గ్రీజు. రెండోదీ అంతే. మూడు, నాలుగు కూడా. 'నీ తర్వాత విప్పేవాడికీ చేతులుంటాయిరా.' ఐదోది కింది మూల బోల్టు. అది కిర్రుమంది. గ్రీజును ఎవరో గుడ్డతో శుభ్రంగా తుడిచేశారు. మర చుట్టూ ఏదో తెల్లగా మెరిసింది. ఆమె దాన్ని పట్టించుకోకుండానే హెడ్డు అరచేతిలో పెట్టి, మూత తీసి బెల్టు బయటికి లాగింది.

రబ్బరు మీద అచ్చు నంబర్లు కూడా చెరగలేదు, కొత్తదే. తెగిన చోట మూడింట రెండొంతులు బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంది. మిగిలిన వంతు పీచుపీచుగా లేచి ఉంది.

"కోశారు," అన్నాడు బ్రేకినస్పెక్టరు. ఆయన నోట ఆ మధ్యాహ్నం తిట్టు లేకుండా వచ్చిన మొదటి మాట అది. వెంటనే సర్దుకున్నాడు. "మీ వాడే కోసుంటాడు."

"కోసేవాడు కొత్త బెల్టు వేసి, గ్రీజు రాసి కోస్తాడా? సోమవారం సాయంత్రం కారు స్కూలుకి చేరింది. రాత్రంతా అక్కడే ఉంది. అక్కడ ఎవరో మూత విప్పి, సగానికి పైగా కోసి, మళ్ళీ బిగించారు. మూల బోల్టు వదులుగా తగిలింది. అప్పుడు..."

"ఈ బోల్టుకి టేపు ఎందుకు చుట్టారమ్మా?" అన్నాడు హెడ్డు.

ఆమె అప్పుడు చూసింది. తెల్లటి పల్చటి టేపు, మరలో ఇరుక్కుని, గోటితో గీకితే పోగులా లేచింది. ఆమె చుట్లు లెక్కపెట్టింది. ఏడు.

"ఏ మెకానిక్కూ బోల్టుకి టేపు చుట్టడు," అంది. "నీళ్ళు కారే చోట చుట్టేది ఇది. ఇక్కడ కారడానికి ఏముంది? మర వదులుగా తగలగానే చెయ్యి తనంతట తానే చుట్టేసింది."

దొడ్డిలో ఎంత నిశ్శబ్దంగా ఉందో ముగ్గురికీ ఒకేసారి తెలిసింది. కుళాయి కారడం లేదు.

"రిజిస్టరు," అంది ఆమె.

హెడ్డు పరుగెత్తి తెచ్చాడు. మంగళవారం సాయంత్రం ఐదూ పది. 'వదినగారి చెప్పులు, బ్యాగు తీసుకొనిపోవుటకు.' బయటికి వెళ్ళింది ఐదూ ముప్ఫై ఐదు. బ్రేకినస్పెక్టరు కారును చూసింది మర్నాడు పదింటికి.

"ఏడుస్తున్నాడు పాపం అని ఒంటరిగా వదిలేశానమ్మా," అన్నాడు హెడ్డు. "ఇసుక బకెట్టు కూడా నేనే ఇచ్చాను. రక్తపు మరకలు కప్పుతానన్నాడు."

టేపు చేతిలో ఉంది. కానీ పైపుల టేపు ఊరంతా దొరుకుతుంది. ఆ బోల్టు సోమవారం సాయంత్రం ఏ స్థితిలో ఉందో చెప్పే సాక్ష్యం ఒక్కటే, మేకుకు గుచ్చిన అట్ట. ఆ అట్ట కోసం, అదెందుకో కూడా విప్పి చెప్పి, ఆ మనిషి పక్కనే ఒక ఆడదాన్ని కూర్చోబెట్టి పంపింది తనే.

టైము మూడూ ఇరవై రెండు. ఆమె ఫోన్ చేసింది. నాలుగో రింగుకు మెకానిక్ భార్య పలికింది.

"అక్కా, అట్ట దొరికింది. ఆయన రాసింది స్పష్టంగా ఉంది. నా ఒళ్ళోనే పెట్టుకున్నా."

"ఇప్పటి నుంచి అవును, కాదు అని మాత్రమే చెప్పు. మామూలుగా చెప్పు. స్టేషన్ వైపే వస్తున్నారా?"

"కాదు."

"కొండ దారా?"

"అవును. మెయిన్ రోడ్డు రద్దీగా ఉందట," అని చిన్నగా నవ్వింది. ఆ నవ్వు సగంలో తడబడింది. ఆమెకు అర్థమవుతోంది.

బ్రేకినస్పెక్టరు ఫైలును బానెట్ మీద విసిరేసి జీపు వైపు పరుగెత్తాడు. "ఎక్కు. నీతో కొట్లాట తర్వాత పెట్టుకుంటా. హెడ్డూ, లోపల చెప్పు, వాణ్ణి కోర్టుకు పంపొద్దు, నా మాటగా చెప్పు."

ఆమె జీపు ఎక్కుతూనే ఫోన్‌లో అడిగింది. "నువ్వు కూర్చుంది మేడమ్ నేర్పేటప్పుడు కూర్చునే సీటే కదా?"

"అవును."

"కాళ్ళ దగ్గర రెండో బ్రేకు ఉందా?"

ఫోన్‌లో ఇంజన్ చప్పుడు మారింది. ఎత్తు ఎక్కడం అయిపోయి దిగడం మొదలైంది.

"అవునక్కా."

"ఎవరు చెల్లెమ్మా, పానా మేడమా?" పక్క నుంచి మరిది గొంతు, కుళాయి బాగుచేసినప్పుడు ఉన్నంత మెత్తగానే ఉంది. "ఏమంటోంది? ఇలా ఇవ్వు ఫోను."

లైను తెగిపోయింది. జీపు గేటు దాటింది. మూడూ ఇరవై ఆరు.

చదివేవారికి ఒక్క మనవి. జీపు ఎంత వేగంగా పోతోందో అడగకండి, కొండ మీద మలుపులు ఎన్నో లెక్కపెట్టకండి. వాటితో ఇప్పుడు పని లేదు. ఈ కథలో ఒక్కసారైనా ఎదురుపడని, మాట్లాడని మేడమ్‌ను గుర్తుపెట్టుకోండి. ఇప్పుడు మెకానిక్ భార్య కూర్చున్నలాంటి సీట్లోనే, బ్రేకు మీద కాలుంచి కూర్చుని, ఎందరో భయస్తులైన ఆడవాళ్ళకు స్టీరింగు చేతికిచ్చిన మనిషిని. కళ్ళు మూసుకున్నా మేలుకునే ఉన్న ఆమె కాలిని.